ఊరు కాని ఊళ్లో ఆట: అమెరికన్ ఫుట్‌బాల్ జట్టును కొలంబో తీసుకెళ్లి ఆడించడం ఎలా

మీ దగ్గర పాతిక మంది ఉన్నారు. బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం పీజీల్లో ఉండే మనవాళ్లు ఓ పది మంది, మిగతావాళ్లు కన్నడిగులు, తమిళులు, ఒక మిజో కుర్రాడు. వారమంతా లాప్‌టాప్ ముందు కూర్చుని, శని ఆదివారాలు పొద్దున్నే హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే బాపతు. కొలంబో నుంచి ఒక జట్టు మిమ్మల్ని ఆడటానికి రమ్మంది. మీరు కోచ్. ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను రెండుసార్లు తీసుకెళ్లాను. మొదటిసారి ఆట గురించే ఆలోచించి వెళ్లి ఉక్కపోతకీ, గోల్‌పోస్టులకీ ఓడిపోయి వచ్చాం. పరాయి దేశంలో మ్యాచ్ అంటే కొత్త ప్లేలు (ముందే అనుకున్న ఎత్తుగడలు) కనిపెట్టే కోచ్ కన్నా, ఉన్న ప్లేల్లో సగం కొట్టేసి ఆ మిగిలిన టైములో నీళ్లు, ఐసు, కాగితాలు చూసుకునే కోచ్ నయమని అప్పుడు తెలిసింది. కింద రాసిందంతా ఆ బుద్ధి వచ్చాక చేసినదే.

ఎనిమిది వారాల ముందు: కాగితాలు

అందరి పాస్‌పోర్టుల మొదటి పేజీ, చివరి పేజీ ఫొటోలు ఒకే రోజు అడిగి తీసుకోండి. "ఇంట్లో ఉందన్నా, నాన్న బీరువాలో పెట్టారు" అన్నవాడిని ఆ వారాంతమే ఊరికి పంపండి. ప్రయాణం నాటికి ఆరు నెలలకు తక్కువ గడువు ఉంటే రెన్యువల్‌కు పెట్టించండి. శ్రీలంకకు ముందే ఈటీఏ, అంటే ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి, తీసుకోండి. దాని ఫీజు, షరతులు మారుతుంటాయి కాబట్టి అధికారిక సైటులోనే చూడండి, మధ్యలో దళారీ సైట్లు చాలా ఉన్నాయి. పిలిచిన జట్టు దగ్గర అందరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసిన ఆహ్వాన లేఖ తెప్పించుకుని, ఆడటానికి ఏ రకం అనుమతి మీద రావాలో వాళ్లతోనే రాయించుకోండి.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం బద్ధకించొద్దు. మామూలు ట్రావెల్ పాలసీల్లో ప్రమాదకర ఆటలకు వర్తించదని చిన్న అక్షరాల్లో ఉండటం మామూలే. మొదటిసారి మేము కొన్న పాలసీలో పదకొండో పేజీలో ఉంది ఆ వాక్యం. విమానం ఎక్కడానికి రెండు రోజుల ముందు కనిపించింది, గోరుచుట్టు మీద రోకలిపోటులా. ట్యాకిల్ ఫుట్‌బాల్‌కు (మనిషిని పట్టి కింద పడేసే మన ఆటకు) వర్తిస్తుందా లేదా అని ముందే మెయిల్‌లో అడిగి, జవాబు ప్రింటు తీసి పెట్టుకోండి.

ఇంకొకటి. ఒక్కొక్కరి బ్లడ్ గ్రూపు, అలర్జీలు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు ఒక కాగితం మీద ఉండాలి. మా లైన్‌మ్యాన్ (ముందు వరుసలో నిలబడి అడ్డుకునేవాడు) ఒకడు, హిందూపురం కుర్రాడు, ఆ గడిలో రూమ్మేట్ నంబరు రాశాడు. అడిగితే, "అన్నా, నేను ఈ ఆట ఆడతానని ఇంట్లో తెలీదు. జిమ్‌కి పోతున్నానని చెప్పినా" అన్నాడు. అక్కడే నా ముందే వాళ్లమ్మకు ఫోన్ చేయించాను. ఆమె ఐదు నిమిషాలు వాడిని తిట్టి, తర్వాత నాకివ్వమని, "మీరే చూసుకోవాల నాయనా" అంది. మీ జట్టులోనూ ఇలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. విమానం ఎక్కకముందే తేల్చుకోండి.

ఆఫీసులో సెలవు దొరకనివాళ్లకు ఒక మాట పనికొస్తుంది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉంది. క్రికెట్‌తో పాటు దాన్ని చేర్చాలని నిర్ణయించింది 2023 అక్టోబరులో మన ముంబైలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలోనే. మనం ఆడేది ట్యాకిల్, ఒలింపిక్స్‌లో ఉండేది ఫ్లాగ్, అంటే గుద్దుకోకుండా నడుముకు కట్టిన గుడ్డ లాగే ఆట. అయినా మేనేజర్‌కు ఆ తేడా ఎంత వివరంగా చెప్పాలన్నది మీ ఇష్టం.

గ్రౌండ్ కొలతలు, నిబంధనలు

"మా దగ్గర గ్రౌండ్ ఉంది" అన్న మాటతో ఊరుకోకండి. ఎంత పొడుగు, ఎంత వెడల్పు, పోస్టులు ఎక్కడున్నాయో వీడియో తీసి పంపమనండి. మన ఆటకు ఎండ్ జోన్లతో (రెండు చివర్లా స్కోరు చేసే పది గజాల పట్టీలతో) కలిపి 120 గజాలు, అంటే దాదాపు 110 మీటర్లు కావాలి. వెడల్పు దాదాపు 49 మీటర్లు. మామూలు ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్లే ఉంటుంది కాబట్టి అక్కడ ఆడితే ఏదో ఒకటి కుదించక తప్పదు. కుదించేది ఎండ్ జోనా, మధ్య మైదానమా అన్నది ముందే తేలాలి.

కొలంబోలో రగ్బీ ఎక్కువ, కాబట్టి మీకు దొరికేది రగ్బీ గ్రౌండు కావచ్చు. రగ్బీ పోస్టుల మధ్య దూరం 5.6 మీటర్లు, మన పోస్టులది పద్దెనిమిదిన్నర అడుగులు. రెండూ దాదాపు ఒకటే. అడ్డ కమ్మీ ఎత్తూ అంతే, అక్కడ 3 మీటర్లు, ఇక్కడ 10 అడుగులు. తేడా అవి నిలబడే చోట ఉంది. మన పోస్టులు ఎండ్ జోన్ వెనక గీత మీద ఉంటాయి, రగ్బీవి గోల్ గీత మీద. రెండు పోస్టుల మధ్య 100 మీటర్లున్న రగ్బీ గ్రౌండులో మన మైదానం గీస్తే, పోస్టులు దాదాపు మన ఎండ్ జోన్ నడిమధ్యకు వస్తాయి. ఫీల్డ్ గోల్ (పోస్టుల మధ్యకు బంతి తన్నడం) ఐదు గజాలు దగ్గరవుతుంది, కిక్కర్‌కు పండగే. పాస్ పట్టే రిసీవర్‌కు మాత్రం గండం. మా కుర్రాడు పోస్ట్ రూట్ (పోస్టుల వైపు తిరిగే పరుగు) పరుగెత్తాడు, పేరుకు తగ్గట్టే నేరుగా పోస్టు మీదికి. చివరి క్షణంలో చూసి ఆగిపోయాడు. బంతి వెనకున్న సేఫ్టీ (అవతలి జట్టులో అందరికన్నా వెనక కాపలా కాసేవాడు) చేతిలో పడింది. అప్పటినుంచి పోస్టులు లోపలుంటే పది గజాల గీత దాటాక నా ప్లేబుక్‌లో పోస్ట్ రూట్ లేదు, అన్నీ మూలలకే. పోస్టులకు మెత్తలు కట్టారో లేదో కూడా అడగండి.

నిబంధనలకు ఒక పేజీ ఒప్పందం చాలు. క్వార్టర్ ఎన్ని నిమిషాలు, గడియారం ఆగుతుందా నడుస్తూనే ఉంటుందా, కిక్‌ఆఫ్ ఉంటుందా లేక 25 గజాల దగ్గర బంతి పెట్టి మొదలుపెడతారా, టై అయితే ఏం చేస్తారు, రెఫరీలు ఎంతమంది, ఎవరి రంగు ఏది, ఇంతే. అంతర్జాతీయ సమాఖ్య నిబంధనలు అమెరికన్ కాలేజీ నిబంధనల మీద కట్టినవి, క్వార్టర్ 12 నిమిషాలు. మన కుర్రాళ్లేమో సోమవారం తెల్లవారుజామున ఐదింటికి లేచి సూపర్ బౌల్ చూసి నేర్చుకున్నవాళ్లు. వాళ్లకు ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్, సూపర్ బౌల్ దాని ఫైనల్) నిబంధనలే తెలుసు. రెండు తేడాలు మాత్రం రక్తంలోకి ఎక్కించండి. ఒకటి, క్యాచ్‌కు ఒక పాదం గీత లోపల పడితే చాలు. రెండు, బంతి పట్టుకున్నవాడు ఎవరూ తాకకుండా జారిపడి మోకాలు ఆనించినా ప్లే అయిపోయినట్టే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో లాగా లేచి పరుగెత్తడానికి లేదు. తడి గడ్డి మీద ఈ రెండోది మీకు కనీసం ఒక్కసారైనా ఎదురవుతుంది.

రంగుల సంగతి వింతగా అనిపిస్తుంది గానీ, మొదటిసారి ఇద్దరం నల్ల జెర్సీలే తెచ్చుకున్నాం. బయటి జట్టు తెలుపు వేసుకోవడం ఆనవాయితీ. మేము ప్రాక్టీసు పెన్నీలు (పైన వేసుకునే పలచటి రంగు బనీన్లు) తొడుక్కుని ఆడాం, ఫొటోల్లో మున్సిపాలిటీ వాళ్లలా ఉన్నాం.

మూడు వారాల ముందు: ఉక్కపోతకు అలవాటు

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఏసీ అక్కర్లేని ఊరని గొప్పలు పోతాం కదా, ఆ గొప్పే అక్కడ కొంప ముంచుతుంది. కొలంబోలో ఎండ కన్నా గాలిలో తేమ ఎక్కువ బాధ పెడుతుంది. చెమట కారుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. దాని మీద హెల్మెట్, షోల్డర్ ప్యాడ్లు.

శరీరం వేడికి అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రెండు వారాలూ పొద్దున ఆరింటి ప్రాక్టీసు మానేసి వీలైనన్ని రోజులు మధ్యాహ్నం పెట్టండి. మొదటి రెండు రోజులు హెల్మెట్ మాత్రమే, తర్వాత షోల్డర్ ప్యాడ్లు, ఐదారో రోజు నుంచి పూర్తి సామగ్రి. రెయిన్‌కోటు తొడిగి చెమట పట్టించే జిమ్ తెలివితేటలు వద్దు, అది ప్రమాదం. వీలుంటే ఒక వారాంతం చెన్నై వెళ్లి రండి. రాత్రి రైలెక్కితే పొద్దునకు చెన్నై, కొలంబో ఉక్కకు దగ్గరగా ఉండేది మనకు అదే. రెండోసారి మేము అదే చేశాం. మొదటి పూట మా హిందూపురం లైన్‌మ్యాన్ ప్రాక్టీసుకు ముందు 118 కిలోలు తూగి, తర్వాత 115 తూగాడు.

ఆ తూకమే మీ కొలమానం. ఒక కిలో తగ్గితే దాదాపు ఒక లీటరు నీరు పోయినట్టు. ప్రతివాడిదీ రాసుకుంటే మ్యాచ్ రోజు ఎవరికి ఎంత తాగించాలో తెలుస్తుంది. ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగించకండి, ఒంట్లో ఉప్పు పలచబడి అదో ప్రమాదం. ఉప్పు వేసిన మజ్జిగ, లేదంటే ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్టు లీటరు నీళ్లలో. అట్టడబ్బాలో వచ్చే తీపి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడొద్దని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది, అందులో ఉండేది ఎక్కువగా చక్కెరే. కొలంబోలో నారింజ రంగు కొబ్బరి బోండాలు దొరుకుతాయి, తంబిలి అంటారు. బాగుంటాయి, కానీ వాటిలో సోడియం తక్కువ. చిటికెడు ఉప్పు కలిపి ఇవ్వండి.

పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్లు తాగమన్న మన సామెత ఎవరు ఎందుకు చెప్పారో గానీ, ఫుట్‌బాల్ కోచ్ అయితే దాన్ని ఉన్నదున్నట్టు పాటించాలి. ప్రతి పదిహేను నిమిషాలకు నిలబెట్టి తాగించండి.

వడదెబ్బ ముదిరితే ఏం చేయాలో మ్యాచ్‌కు ముందే రిహార్సల్ వేయండి. కుర్రాడు తూలుతున్నా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్తున్నా, ఊరికే కోప్పడుతున్నా అనుమానించండి. హెల్మెట్, ప్యాడ్లు తీసేసి, టార్పాలిన్ మీద పడుకోబెట్టి, నలుగురు నాలుగు అంచులు ఎత్తి పట్టుకుని ఐసు నీళ్లు పోసి తొట్టిలా ఊపాలి. తల పైకి ఉండాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆగొద్దు. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే తరలించాలి, మొదటి అరగంటే ముఖ్యం. టార్పాలిన్ ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి. ఐసు దిమ్మలు ఎక్కడ దొరుకుతాయో పిలిచిన జట్టును అడిగి పొద్దున్నే తెప్పించి పెట్టండి. అంబులెన్స్ నంబరు 1990. సువ సెరియ అంటారు, ఉచితం. 2016లో భారత ప్రభుత్వ సాయంతో, మన 108 పద్ధతిలోనే మొదలైంది.

ప్లేబుక్ సగం చేయండి

మీకు అరవై ప్లేలు ఉంటే ముప్పై పట్టుకెళ్లండి. నేను ఇరవై రెండు తీసుకెళ్లాను, పద్దెనిమిదే వాడాను. పాతిక మందిలో చాలామంది అటు ఆఫెన్స్, ఇటు డిఫెన్స్ రెండూ ఆడతారు కాబట్టి మూడో క్వార్టర్‌కు కాళ్లతో పాటు బుర్ర కూడా అలిసిపోతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో కోచ్ బిల్ వాల్ష్ మొదటి ప్లేలన్నీ మ్యాచ్‌కు ముందే వరుసగా రాసిపెట్టుకునేవాడు. ఆయన రాసినన్ని అక్కర్లేదు, మీకు ఎనిమిది చాలు. ముందు రాత్రే అందరికీ చదివి వినిపిస్తే మొదటి డ్రైవ్‌లో (బంతి మన చేతిలో ఉండే మొదటి విడతలో) ఎవరికీ గుండెదడ ఉండదు.

పిలుపులు తెలుగులో పెట్టుకుంటే అవతలివాళ్లకు అర్థం కాదు. కానీ అంకెలు వాడొద్దు. రెండు, ఆరు తమిళంలోనూ దాదాపు అలాగే వినిపిస్తాయి, కొలంబో జట్టులో తమిళం తెలిసినవాళ్లు తప్పక ఉంటారు. మేము తిండి పేర్లు పెట్టుకున్నాం. తీపి అయితే కుడివైపు, కారం అయితే ఎడమవైపు. కాజా, బొబ్బట్టు, పూతరేకు అంటే కుడికి. గోంగూర, ఆవకాయ, చల్లమిరప అంటే ఎడమకి. మనవాళ్లకు ఒక్క పూటలో వచ్చేసింది. మా మిజో రిసీవర్ మాత్రం పూతరేకు అన్న ప్రతిసారీ ఎడమకే పరుగెత్తేవాడు. ఆ పేరు వింటే వాడికి కారంగా అనిపించిందట. మారతహళ్లిలో ఆత్రేయపురం పూతరేకుల డబ్బా కొని ఒకటి నోట్లో పెట్టాను. మళ్లీ తప్పలేదు. ఇప్పుడు ఆ డబ్బా కోసమే ప్రాక్టీసుకు ముందొస్తున్నాడని నా అనుమానం.

అక్కడ పపారే అని బాకాలు, డ్రమ్ములతో ఒక మోత ఉంటుంది. క్రికెట్, రగ్బీ మ్యాచ్‌లకు అది లేకుండా జనం రారు, మీ మ్యాచ్‌కు ఒక్క బ్యాండు వచ్చినా క్వార్టర్‌బ్యాక్ (ప్లే పిలిచి బంతి విసిరేవాడు) గొంతు మూడడుగులు దాటదు. అందుకని మాట లేకుండా స్నాప్ చేయడం (బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి ఇవ్వడం) నేర్పండి. క్వార్టర్‌బ్యాక్ కాలు ఎత్తగానే పక్కనున్న గార్డు, బంతి ఇచ్చే సెంటర్ తొడ మీద తడతాడు, సెంటర్ తల ఎత్తి, ఒక లెక్క ఆగి బంతి ఇస్తాడు. ప్రాక్టీసులో పక్కన పెద్ద స్పీకరు పెట్టి నేర్పండి. కాలనీవాళ్లు వచ్చి గొడవ పెట్టుకున్న రోజు మీ ప్రాక్టీసు సరిగ్గా జరిగినట్టు.

ఇక లాంగ్ స్నాపర్. అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరని ఊరికే అనలేదు. ప్రతివాడికీ రిసీవర్ అవ్వాలని ఉంటుంది, పంట్‌కు (బంతిని దూరంగా తన్నేసే ప్లేకు) వంగి కాళ్ల మధ్య నుంచి పదిహేను గజాలు వెనక్కి బంతి విసిరేవాడు ఒక్కడే ఉంటాడు. వాడికి జ్వరమొస్తే? ఇద్దరిని తయారు చేయండి.

సామాను

ఒక్కొక్కరి సామగ్రి బ్యాగుతో కలిపి సుమారు పది కిలోలు. షోల్డర్ ప్యాడ్లు ఇడ్లీ రేకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి తాడుతో కట్టండి, నాలుగైదు జతలు ఒకే సంచిలో పడతాయి. హెల్మెట్, మౌత్‌గార్డ్, బూట్లు చేతి సామానులోనే. లగేజీ రాకపోతే ప్యాడ్లు అరువు దొరకొచ్చు గానీ తలకు సరిపోయే హెల్మెట్ దొరకదు. స్క్రూడ్రైవర్, కత్తెర కిందికి వెళ్లే లగేజీలో. పవర్ బ్యాంకులు పైన. నొప్పి స్ప్రేల బదులు ట్యూబు పెట్టుకోండి, సెక్యూరిటీ దగ్గర వాదన తప్పుతుంది. ఆఫెన్స్ ఆడేటప్పుడు ఎవరి బంతులు వాళ్లవే కాబట్టి నాలుగు తీసుకెళ్లండి. కాస్త గాలి తీసి పెట్టి, అక్కడ 12.5 నుంచి 13.5 పీఎస్‌ఐ మధ్య కొట్టుకోండి. పంపుకు సూదులు రెండు ఎక్కువ పెట్టండి, అవి మాయమయ్యే వస్తువులు.

పచ్చడి సీసాలు జెర్సీల సంచిలో పెట్టొద్దు. గుంటూరు నుంచి వచ్చిన మా క్వార్టర్‌బ్యాక్ వాళ్లమ్మ ఇచ్చిన ఆవకాయ సీసాను భద్రంగా ఉంటుందని జెర్సీల మధ్య చుట్టాడు. కొలంబోలో సంచి తెరిస్తే ఏడు తెల్ల జెర్సీలు ఎర్ర నూనెలో మునిగి ఉన్నాయి. ఆ రాత్రి హోటల్ బాత్‌రూములో ముగ్గురం శనగపిండి రుద్దుతూ కూర్చున్నాం. నూనె పోయింది, ఆవ ఘాటు పోలేదు. ఆ కుర్రాళ్ల మీదికి ట్యాకిల్‌కు వచ్చినవాడు ఒక్క క్షణం తడబడ్డాడని మా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

దిగాక

బెంగళూరు నుంచి గంటన్నర ప్రయాణం, టైము కూడా మనదే. నిద్ర లెక్క తప్పదు. మ్యాచ్‌కు రెండు రోజుల ముందు చేరితే మంచిది. మీ తేదీల్లో పోయ పడుతుందా చూసుకోండి. ప్రతి పౌర్ణమీ అక్కడ సెలవు, మందు అమ్మరు, మాంసం దొరకడమూ కష్టం. మందు దొరకకపోవడం కోచ్‌కు లాభమే. బుద్ధుడి పచ్చబొట్టు ఉన్నవాళ్లు చేయి కప్పుకోవాలి, 2014లో అలాంటి పచ్చబొట్టుకే ఒక బ్రిటిష్ పర్యాటకురాలిని వెనక్కి పంపేశారు. వీడియోకు డ్రోన్ పట్టుకెళ్లాలంటే అక్కడి అనుమతి ముందే కావాలి. లేకపోతే స్టాండు పైమెట్టు మీద ఫోన్ పెట్టుకోండి చాలు.

తిండికి వెల్లవత్త వైపు వెళ్లండి, తమిళుల శాకాహార హోటళ్లున్నాయి. మ్యాచ్ పొద్దున ఇడియాప్పం, కొబ్బరిపాల పులుసు తేలిగ్గా అరుగుతాయి. కొత్తు రొట్టె మ్యాచ్ అయ్యాకే.

మ్యాచ్ రోజు

ఆట సాయంత్రం నాలుగున్నర తర్వాత పెట్టమని ముందే అడిగి ఉండాలి. గంటన్నర ముందు చేరి గ్రౌండంతా నడవండి, గుంతలు, స్ప్రింక్లర్ మూతలు, పోస్టుల చోటు కుర్రాళ్లకు చూపించండి. రెఫరీని కలిసి కెప్టెన్లను పరిచయం చేసి, ఏదైనా ట్రిక్ ప్లే ఉంటే చెవిన వేయండి. ఉరుము వినిపిస్తే ఆట ఆపమని మీరే అడగండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. స్కోరు మీ వైపు ఉన్నా సరే.

లైన్‌మెన్‌ను మూడు నాలుగు ప్లేలకు ఒకసారి మార్చండి, వాళ్లు "పర్లేదన్నా" అన్నా వినకండి. మొదటి క్వార్టర్‌లో పరుగు ఆట ఎక్కువ ఆడండి. అది అవతలి ముందు వరుస బలాన్ని కొలవడానికి, మీవాళ్ల ఊపిరి కుదురుకోవడానికి. టైమ్ అవుట్లలో ఒకటి నీళ్ల కోసమే దాచుకోండి. హాఫ్‌టైమ్‌లో మొదటి ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. తాగాలి, మెడ మీద ఐసు పెట్టుకోవాలి. తర్వాత మీరు రెండే విషయాలు చెప్పండి. మూడోది ఎవరికీ గుర్తుండదు, నేను పరీక్ష పెట్టి చూశాను.

తలకు దెబ్బ తగిలి కుర్రాడు ఒక్క క్షణం తికమక పడినా ఆ రోజుకు వాడి ఆట అయిపోయింది. ఈ నిర్ణయం మీ చేతిలో ఉంచుకోకండి, ఫిజియోకు అప్పగించండి. నాలుగో క్వార్టర్, మూడు పాయింట్లు వెనకబడి ఉన్నప్పుడు కోచ్ కళ్లకు అందరూ బాగానే కనిపిస్తారు. మొదటి ట్రిప్పులో ఫిజియో మా లైన్‌బ్యాకర్ హెల్మెట్ లాక్కుని దాని మీద కూర్చుంది. నేను అరిచాను. ఆమె లేవలేదు. రాత్రి వాడు అన్నం ముందు కూర్చుని కక్కుకుంటే ఆస్పత్రికి తీసుకెళ్లింది కూడా ఆమే.

తిరిగొచ్చాక

దెబ్బ తగిలినవాడి పక్క సీటులో ఒకరిని కూర్చోబెట్టండి, బెంగళూరు దిగాక ఆ రాత్రి పీజీలో ఒంటరిగా వదలొద్దు. టెర్మినల్ 2లో బెల్టు దగ్గర సంచులు లెక్కపెట్టాకే ఎవరైనా క్యాబ్ ఎక్కాలి. తడి ప్యాడ్లను ఆ రాత్రే సంచుల్లోంచి తీసి డాబా మీద ఆరేయించండి. సోమవారం ఆఫీసు అయ్యాక చూద్దామని వదిలేస్తే బుధవారానికి పీజీ ఓనరు ఫోన్ చేసేది మీకే.